చిన్న ట్యాంక్‌కి డ్వార్ఫ్ సిక్లిడ్స్ ఎంచుకోవడం ఎలా: ముందు నీళ్ళు చూడండి, తర్వాతే చేప

ఇంట్లో చిన్న ట్యాంక్ ఉంది, గప్పీలు టెట్రాలు పెంచి పెంచి చెయ్యి తిరిగింది, ఇప్పుడు కాస్త తెలివున్న చేప కావాలి, మనం దగ్గరికెళ్తే గుర్తుపట్టి అద్దం దగ్గరికొచ్చే చేప, గుడ్లు పెట్టి పిల్లల్ని కంటికి రెప్పలా కాసుకునే చేప కావాలి అనిపిస్తోందా, అయితే మీరు చూడాల్సింది డ్వార్ఫ్ సిక్లిడ్సే, అంటే సిక్లిడ్ కుటుంబపు చేపల్లో బుల్లి రకాలు. సిక్లిడ్ అనగానే చాలామందికి ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ గుర్తొస్తాయి కానీ ఇవి వేరే లోకం, పెద్దయినా 10 సెంటీమీటర్లు దాటవు, చాలావరకు 5 నుంచి 8 మధ్యలోనే ఆగిపోతాయి.

నేను మొదట్లో చేసిన తప్పు ముందే చెప్తా, ఎందుకంటే దాదాపు అందరూ అదే చేస్తారు. షాపులో బ్లూ రామ్ అనే డ్వార్ఫ్ సిక్లిడ్ జంటని చూశా, ఆ నీలం చుక్కలు, ఆ ఎర్ర కన్ను చూసి ఆగలేక తెచ్చేశా. ట్యాంక్ పెట్టి అప్పటికి 3 వారాలే, నీళ్ళేమో బాగా గట్టి నీళ్ళు. తొమ్మిదో రోజు ఆడది పోయింది, తర్వాత వారానికి మగది కూడా పోయింది. వాటికి ఏ రోగమూ లేదు, నా నీళ్ళు వాటికి సరిపడలేదు, అంతే. అప్పట్నుంచి నేను ఎవరడిగినా చెప్పేది ఒకటే, రంగు చూసి చేపని తెచ్చి దాని కోసం నీళ్ళని మార్చడానికి తిప్పలు పడొద్దు, మీ కుళాయిలో ఏ నీళ్ళొస్తాయో చూసి దానికి తగ్గ చేపని ఎంచుకోండి.

మొదటి పని, నీళ్ళు కొలవడం

చుక్కలు వేసి రంగు చూసే లిక్విడ్ టెస్ట్ కిట్ ఒకటి తెచ్చుకోండి, కాగితం స్ట్రిప్స్ కంటే అదే నమ్మకం. కొలవాల్సినవి పీహెచ్, జీహెచ్, కేహెచ్. పీహెచ్ అంటే నీళ్ళు ఆమ్లం వైపున్నాయా క్షారం వైపున్నాయా చెప్పే అంకె, 7 అంటే సరిగ్గా మధ్య. జీహెచ్ అంటే నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎంతుందో చెప్తుంది, అంటే మనం మామూలుగా గట్టి నీళ్ళు, మెత్తటి నీళ్ళు అంటామే అది. కేహెచ్ అంటే పీహెచ్‌ని పట్టుకుని కదలనివ్వకుండా ఉంచే శక్తి. ఈ కేహెచ్ సంగతి అర్థమైతే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే కేహెచ్ ఎక్కువున్న నీళ్ళలో పీహెచ్ తగ్గించే మందు ఎంత పోసినా సాయంత్రానికి తగ్గి పొద్దున్నకి మళ్ళీ పైకొచ్చేస్తుంది, ఆ ఊగిసలాటే చేపని చంపేది, పీహెచ్ కొంచెం ఎక్కువ ఉండటం కాదు. అందుకే ఆ సీసాల జోలికి పోవద్దు. నిజంగా మెత్తటి నీళ్ళు కావాలంటే ఆర్వో నీళ్ళు కలుపుకోవడమే సరైన దారి, అది కూడా ప్రతి వారం ఒకే పాళ్ళలో కలపగలను అనే నమ్మకం ఉంటేనే.

కుళాయి నీళ్ళు పట్టగానే కొలవొద్దు, ఒక గిన్నెలో పోసి ఒక రోజంతా వదిలేసి అప్పుడు కొలవండి, పట్టిన వెంటనే పీహెచ్ ఒకటి చూపిస్తుంది, గాలి తగిలాక ఇంకోటి చూపిస్తుంది. కాగితం మీద రాసి పెట్టుకోండి, షాపుకెళ్ళేటప్పుడు ఆ కాగితం జేబులో ఉండాలి.

రెండోది, ట్యాంక్ ఎన్ని లీటర్లు కాదు, అడుగు ఎంత

ఈ చేపలు పైన ఈదేవి కావు, నేల మీద బతికేవి. వాటికి ఇల్లూ పొలమూ సరిహద్దూ అన్నీ అడుగునే. సెంటీమీటర్లలో 60 పొడవు 30 వెడల్పు 30 ఎత్తున్న ట్యాంక్ 54 లీటర్లు. దాన్నే నిలబెట్టినట్టు 30 పొడవు 30 వెడల్పు 60 ఎత్తున్న ట్యాంక్ చేయించుకున్నా అదే 54 లీటర్లు, కానీ అడుగు సగానికి సగం తగ్గిపోయింది, మొదటిదాంట్లో ఒక జంట హాయిగా ఉంటుంది, రెండోదాంట్లో ఆడది దాక్కోడానికి మూల కూడా దొరకదు. అందుకని పొడవాటి ట్యాంకే తీసుకోండి, 60 సెంటీమీటర్ల పొడవు కనీసం అనుకోండి, 80 ఉంటే ఇంకా మంచిది. గుండ్రటి గాజు గిన్నెల్లో, 20 లీటర్ల బుల్లి ట్యాంకుల్లో వీటిని పెట్టొద్దు, దయచేసి.

ఇప్పుడు అసలు విషయం, ఏ నీళ్ళకి ఏ చేప

ముందు గట్టి నీళ్ళ సంగతి, ఎందుకంటే గట్టి నీళ్ళున్న వాళ్ళే మాకు ఏ సిక్లిడ్ సరిపడదేమో అని దిగులుపడుతుంటారు. మీకు ఉన్నదాంట్లోకెల్లా ముచ్చటైన చేప ఉంది. ఆఫ్రికాలోని టాంగన్యికా సరస్సు నుంచి వచ్చే మల్టీఫాసియాటస్, అందరూ మల్టీస్ అంటారు. ప్రపంచంలోని అతి చిన్న సిక్లిడ్స్‌లో ఇదొకటి, మగది నాలుగు నాలుగున్నర సెంటీమీటర్లు, ఆడది ఇంకా చిన్నది. ఖాళీ నత్త గుల్లల్లో కాపురం ఉంటుంది. పీహెచ్ 7.8 నుంచి 9 దాకా, గట్టి నీళ్ళు, 24 నుంచి 27 డిగ్రీల వేడి, ఇవుంటే చాలు. 4, 5 సెంటీమీటర్ల మందాన సన్న ఇసుక పోసి, ఒక్కో చేపకి కనీసం మూడేసి గుల్లలు లెక్కన పరిచేసి, ఒక 6 పిల్లల్ని వదలండి, మిగతాది అవే చూసుకుంటాయి. నోటి నిండా ఇసుక తీసుకుని గుల్ల పక్కకి వెళ్ళి ఉమ్మేసి మళ్ళీ వచ్చి మళ్ళీ తీసుకుని, ఇలా గంటల తరబడి పనిచేస్తాయి, పొద్దున్న మీరు సర్దిన ఇసుక సాయంత్రానికి గుంటలు గుట్టలుగా మారిపోయి గుల్ల నోరు మాత్రమే బయటకి కనిపిస్తుంటుంది. చెయ్యి పెడితే ఆ గోరంత చేప వచ్చి మీ వేలిని పొడుస్తుంది. పెద్ద పిల్లలు, చిన్న పిల్లలు, తల్లులు అందరూ ఒకే పేటలో కలిసి ఉంటారు, పిల్లల్ని వేరు చేయాల్సిన పనే ఉండదు. 54 లీటర్ల ట్యాంక్‌లో ఇవొక్కటే పెట్టండి, వేరే చేపలొద్దు. ఇవే గుల్లల్లో ఉండే ఇంకో రకం ఒసెల్లాటస్ కూడా దొరుకుతుంది, అందమైనదే కానీ ఒంటరి కోపిష్టి, చిన్న ట్యాంక్‌లో ఒక జంట కంటే ఎక్కువ పెట్టలేం.

మధ్యస్తం నీళ్ళు, అంటే పీహెచ్ 7 కి కాస్త అటూ ఇటూ, జీహెచ్ ఓ మోస్తరు, ఇలా ఉంటే మీకు ఎంపిక ఎక్కువ. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను ముందు చెప్పేది బొలివియన్ రామ్. బొలివియా, బ్రెజిల్ నదుల చేప. బ్లూ రామ్ పక్కన పెడితే రంగు తక్కువే, షాపులో వెలవెలబోతూ ఉంటుంది, కానీ ఇంటికొచ్చి 2 నెలలు గడిచాక రెక్కల అంచులకి ఎర్రటి గీత, ఒంటికి తేనె రంగు వస్తాయి, చూస్తూ కూర్చోవచ్చు. 8 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది కాబట్టి దీనికి 80 సెంటీమీటర్ల ట్యాంక్ అయితే బాగుంటుంది. 24 నుంచి 27 డిగ్రీలు చాలు.

దాని తర్వాత అపిస్టోగ్రామాలు, అందరూ అపిస్టోలు అంటారు. వీటిలో గట్టి పిండం కాకటూ. అమెజాన్ పశ్చిమ భాగం నుంచి వచ్చింది, మగదాని వీపు రెక్క ముందు ముళ్ళు జుట్టు నిక్కబొడుచుకున్నట్టు పైకి లేచి ఉంటాయి, కాకటూ చిలక తురాయిలా ఉంటుందని ఆ పేరు. డబల్ రెడ్, ట్రిపుల్ రెడ్, ఆరెంజ్ ఫ్లాష్ అని పేర్లు పెట్టి అమ్మేవన్నీ ఇదే చేప, ఏ రెక్కల్లో ఎంత ఎరుపుందో దాన్నిబట్టి పేరు. మగది 8, ఆడది 5 సెంటీమీటర్లు. అపిస్టోల్లో నీళ్ళ విషయంలో ఎక్కువ సర్దుకుపోయేది ఇదే. హీటర్ ఎక్కువ వాడటం ఇష్టం లేకపోతే, గది కాస్త చల్లగా ఉండే చోటైతే బోరెల్లి చూడండి, పరాగ్వే నది ప్రాంతపుది, 20 నుంచి 25 డిగ్రీల దగ్గర సుఖంగా ఉంటుంది, నెమ్మదైన చేప, మగదానికి పసుపు తల నీలం ఒళ్ళు. నాకు చిన్న ట్యాంక్‌కి అన్నిటికంటే ఇష్టమైన అపిస్టో ఇదే, కానీ దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, అదే నా బాధ.

క్రిబెన్సిస్ కూడా ఈ మధ్యస్తం నీళ్ళకే వస్తుంది, నైజీరియా వైపు నదుల చేప, ఆడదాని పొట్ట గుడ్ల కాలంలో పండిన నేరేడుపండులా అవుతుంది. చాలా గట్టిది, కానీ మగది 10 సెంటీమీటర్లు, పిల్లలు వచ్చాయంటే ట్యాంక్ అంతా తమదే అంటుంది, 80 సెంటీమీటర్లకి తక్కువ ట్యాంక్‌లో వేరే చేపలతో కలిపి వద్దు.

ఇక బాగా మెత్తటి నీళ్ళున్న అదృష్టవంతులు, పీహెచ్ 7 లోపు ఉన్నవాళ్ళు, అప్పుడు బ్లూ రామ్ తెచ్చుకోండి, అగస్సిజి అనే ఇంకో అపిస్టో తెచ్చుకోండి. బ్లూ రామ్ ఒరినోకో నది పక్కన మైదానాల్లో ఎండకి వేడెక్కిన లోతులేని నీళ్ళ చేప, దానికి 27 నుంచి 30 డిగ్రీల వేడి కావాలి. రకరకాల చేపలు కలిపి పెంచే 24 డిగ్రీల కమ్యూనిటీ ట్యాంక్‌లో వేసి ఇది నాజూకు చేపండీ బతకదు అంటారు చాలామంది, అది నాజూకు కాదు, చలికి వణికి రోగం తెచ్చుకుంటోంది. ఇంకో మాట, అది కొత్త ట్యాంక్‌ని అసలు ఓర్చుకోదు, సైకిల్ అయ్యాక, అంటే చేపల వ్యర్థాల్లోంచి వచ్చే విషాన్ని తినే మంచి బ్యాక్టీరియా ట్యాంక్‌లో పెరిగాక కూడా ఇంకో 2 నెలలు వేరే చిన్న చేపలతో ట్యాంక్ నడిపి అప్పుడు తెచ్చుకోండి. చెకర్‌బోర్డ్ సిక్లిడ్ అని ఇంకోటి ఉంది, అది ఇంకా మెత్తటి నీళ్ళు అడుగుతుంది, మొదటి చేపగా వద్దు.

ఏవి తేకూడదో కూడా చెప్పాలి. షాపులో 4 సెంటీమీటర్ల పిల్లలుగా ఉన్నప్పుడు అన్నీ డ్వార్ఫ్‌లాగే కనిపిస్తాయి. ఆస్కార్ పిల్ల 30 సెంటీమీటర్లవుతుంది. ఎలక్ట్రిక్ బ్లూ అకారా పేరు విని రామ్ చుట్టమేమో అనుకుంటారు, అది 15 దాకా పెరుగుతుంది. ఎలక్ట్రిక్ బ్లూ రామ్ వేరు, అది నిజంగా రామే, బిల్లు వేయించేముందు పేరు రెండుసార్లు అడిగి చూస్కోండి. మలావి సరస్సు చేపలు, అంటే ఎల్లో ల్యాబ్ లాంటివి, చిన్న ట్యాంక్‌కి కావు. ఇక బెలూన్ రామ్ అని పొట్ట ఉబ్బినట్టు గుండ్రంగా ఉండేవి, వెన్నెముక వంకరపోయిన చేపల్ని అలాగే పెంచి అమ్ముతున్నారు, వాటిని కొనకపోవడమే మనం చేయగలిగిన మేలు.

ఎన్ని తేవాలి, ఆడా మగా ఎలా

గుంపుగా ఉండే మల్టీస్ సంగతి వేరు, మిగతావైతే 60 సెంటీమీటర్ల ట్యాంక్‌కి ఒక జంట. అంతకంటే ఆశపడొద్దు. రామ్‌లు జంట కట్టే చేపలు, మనం షాపులో ఒక మగదీ ఒక ఆడదీ ఏరి తెస్తే అవి కలుస్తాయన్న గ్యారంటీ లేదు, కుదిరితే షాపు ట్యాంక్‌లోనే పక్కపక్కన తిరుగుతూ మిగతావాటిని తరుముతున్న జంటని పట్టించుకోండి, అరగంట నిలబడి చూడాల్సొచ్చినా సరే. ఆడ బ్లూ రామ్‌కి పొట్ట మీద గులాబీ రంగు ఉంటుంది, ఒంటి మధ్య నల్ల మచ్చలో నీలం మెరుపులు ఉంటాయి, మగదాని మచ్చ ఎక్కువగా వట్టి నలుపే.

కాకటూ అలా కాదు, ఒక మగది చాలా ఆడవాటితో ఉంటుంది, 80 సెంటీమీటర్లుంటే ఒక మగది రెండు ఆడవి పెట్టొచ్చు, ఒక్కోదానికీ వేరే మూల, వేరే గుహ ఉండాలి. రెండు మగవి మాత్రం చిన్న ట్యాంక్‌లో ఎప్పుడూ వద్దు. ఇక్కడొక చిక్కుంది, పెద్ద మగది పక్కనుంటే చిన్న మగవి ఆడవాటిలా రంగు దాచుకుని తిరుగుతాయి, ఆడదే అని తెచ్చాక నెలకి వీపు ముళ్ళు లేస్తాయి. పొట్ట కింద రెక్క ముందు అంచు నల్లగా ఉందేమో చూడండి, కాకటూలో అది ఆడదాని గుర్తు.

చేప రాకముందే ఇల్లు సిద్ధం

అడుగున గుండ్రటి రేణువుల సన్న ఇసుక, గులకరాళ్ళు వద్దు. అపిస్టో ఇసుకని నోట్లోకి తీసుకుని జల్లించి మొప్పల్లోంచి వదులుతుంది, అది దాని తిండి తినే పద్ధతి, రాళ్ళు పోస్తే ఆ పని చేయలేదు. ఇసుకైనా రాయైనా ట్యాంక్‌లో వేసేముందు రెండు చుక్కలు వెనిగర్ వేసి చూడండి, బుడగలొస్తే అందులో సున్నం ఉన్నట్టు, మెత్తటి నీళ్ళ చేపలకి వద్దు, మల్టీస్‌కైతే అదే మేలు. గుహలకి కొబ్బరి చిప్పని బోర్లించి అంచున బొటనవేలు పట్టేంత కంత చేస్తే చాలు, కంత చిన్నదైతే ఆడది ఒక్కటే లోపలికెళ్తుంది, మగది బయట కాపలా ఉంటుంది, అదే వాటికి నచ్చేది. రామ్‌కి గుహ అక్కర్లేదు, బల్లపరుపు రాయి ఉంటే దాని మీద గుడ్లు పెడుతుంది. ఎండిన బాదం ఆకులు రెండు వేస్తే నీళ్ళు టీ రంగులోకి వస్తాయి, కంగారుపడొద్దు, అమెజాన్ చేపలకి అది ఇష్టం. ట్యాంక్‌ని ఒక కొసనుంచి ఇంకో కొసకి చూపు పడకుండా మధ్యలో ఒక చెక్క మొద్దు, మొక్కలు పెట్టండి, తరిమే చేపకి తరిమించుకునేది కనిపించకపోతే గొడవ అక్కడితో ఆగిపోతుంది.

స్పాంజ్ ఫిల్టర్ చాలు, నీళ్ళని విసిరికొట్టే పెద్ద ఫిల్టర్ వద్దు. సైకిల్ సంగతి పైన చెప్పా, ఆ విషాలు, అంటే అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా వచ్చేదాకా ఆగాలి, మామూలుగా 4 నుంచి 6 వారాలు.

తోడుగా ఏం వేయాలి

పైన కొన్ని చిన్న చేపలు గుంపుగా తిరుగుతుంటే కింద సిక్లిడ్‌కి భయం లేదు శత్రువు లేడు అని అర్థమవుతుంది, బయటికొచ్చి తిరుగుతుంది. ఒంటరిగా పెట్టిన అపిస్టో రోజంతా చిప్పలోనే దాక్కుంటుంది, మీరు ఖాళీ ట్యాంక్‌ని చూస్తూ కూర్చోవాలి. 8 పెన్సిల్‌ఫిష్ కానీ ఎంబర్ టెట్రాలు కానీ వేయండి. బ్లూ రామ్ వేడికైతే కార్డినల్ టెట్రాలు, రమ్మీనోస్ సరిపోతాయి. నేల మీద తిరిగే కోరిడోరాస్ మంచి చేపలే కానీ చిన్న ట్యాంక్‌లో వద్దు, వాటికి సరిహద్దు అంటే తెలీదు, రాత్రిపూట గుడ్ల మీదికి నడిచొచ్చేస్తాయి, పాపం ఇటు సిక్లిడ్ చేతిలో కళ్ళు పొడిపించుకుంటాయి. టైగర్ బార్బ్‌లు అసలే వద్దు.

షాపులో ఏం చూడాలి

మీ ముందు తిండి వేయమనండి. వెంటనే వచ్చి తినని చేప ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. పొట్ట లోపలికి అంటుకుపోయిందా, వెనక దారంలా తెల్లటి మలం వేలాడుతోందా, మొప్పలు దడదడా కొట్టుకుంటున్నాయా, ఒంటి మీద పసుపు దుమ్ము చల్లినట్టుందా, వీటిలో ఒక్కటి ఉన్నా ఆ ట్యాంక్‌లోని ఏ చేపనీ తీసుకోవద్దు, మిగతావి బాగున్నట్టు కనిపించినా సరే. బ్లూ రామ్ రెండు సెంటీమీటర్ల పిల్లలు పెద్దవాటిలా నిండు రంగులో మెరుస్తుంటే అనుమానించండి, రంగు కోసం హార్మోన్ పెట్టి పెంచినవి అయ్యుండొచ్చు, అవి ఎక్కువకాలం నిలవవు, గుడ్లూ పెట్టవు. వాళ్ళ ట్యాంక్ పీహెచ్ ఎంత అని అడిగి మీ కాగితంతో పోల్చుకోండి. ఇంటి దగ్గర ఎవరైనా పెంచిన పిల్లలు దొరికితే అవే అన్నిటికంటే మేలు, మీలాంటి నీళ్ళలోనే పుట్టి పెరిగినవి కాబట్టి.

ఇంటికి తెచ్చాక తొందర వద్దు. కవర్‌లోంచి చిన్న బకెట్‌లోకి పోసి, సన్న ట్యూబ్‌కి ముడి వేసి ట్యాంక్ నీళ్ళు చుక్కచుక్కగా గంట గంటన్నర దాకా పడనివ్వండి, తర్వాత వలతో చేపని మాత్రం తీసి వేయండి, షాపు నీళ్ళు పారబోయండి. వేరే చిన్న ట్యాంక్ ఉంటే 3, 4 వారాలు అందులో విడిగా ఉంచి చూడటం ఇంకా మంచిది. మొదటి రోజు లైట్ వేయకండి, తిండి పెట్టకండి. తర్వాత ఫ్రోజెన్ డాఫ్నియా, ఆర్టీమియా (రెండూ రొయ్య జాతికి దగ్గరి బుల్లి నీటి జీవులు), సన్న పెల్లెట్స్ కొంచెం కొంచెం, బ్లడ్‌వార్మ్ వారానికి ఒకట్రెండుసార్లు. నీళ్ళు వారానికి పావు వంతు మార్చండి, పోసే నీళ్ళ వేడి ట్యాంక్ వేడితో సమానంగా ఉండాలి.

కొన్ని వారాలకి ఒక పొద్దున్న కాకటూ ఆడది ఒళ్ళంతా నిమ్మపండు పసుపులోకి, నల్ల మచ్చలతో మారిపోయి కొబ్బరి చిప్ప కంత దగ్గర నిలబడి, తనకి రెండింతలున్న మగదాన్ని తరుముతూ కనిపిస్తుంది. అదేదో గొడవ అని కంగారుపడి చిప్ప ఎత్తి చూడకండి, లోపల పైకప్పుకి గుడ్లు అంటించి ఉంటాయి. 26 డిగ్రీల దగ్గర వేడిని కదలకుండా ఉంచండి, వేడి బాగా పెరిగితే పిల్లల్లో మగవే ఎక్కువవుతాయి. మగదాని రెక్కలు చిరిగి, పై మూలలో హీటర్ వెనక నక్కుతోందంటే మాత్రం 60 సెంటీమీటర్ల ట్యాంక్‌లో దానికి పారిపోయే చోటు లేదని అర్థం, అడ్డంగా ఒక గాజు పలక పెట్టండి లేదా వేరే ట్యాంక్‌లోకి మార్చండి. వారం పది రోజులకి తల్లి పిల్లల్ని బయటికి తెస్తుంది, ఇసుక మీద దుమ్ము కదులుతున్నట్టుంటుంది, తల్లి రెక్కలు ఒక్కసారి అదిలిస్తే ఆ దుమ్మంతా ఠక్కున నేలకి అంటుకుపోతుంది, మళ్ళీ అదిలిస్తే లేస్తుంది. అప్పుడు పొదిగించిన ఆర్టీమియా పిల్లల్ని డ్రాపర్‌తో ఆ గుంపు దగ్గరగా, రోజుకి మూడు నాలుగుసార్లు వదలండి, అరగంట తర్వాత చూస్తే వాటి బుల్లి పొట్టలు నారింజ రంగులో కనపడాలి.